పై రాడ్డు ఎక్కడుంది?

ఉదయం ఆరున్నర. హైదరాబాద్ శివారులో ఐదంతస్తుల అపార్ట్‌మెంటు, మూడో స్లాబు పోస్తున్నారు. మీరు నిచ్చెన ఎక్కి సెంట్రింగ్ మీదికి వచ్చేసరికి కింద రెడీమిక్స్ లారీ డ్రమ్ము గరగరా తిరుగుతోంది. పంపు పైపు కొసను ఇద్దరు ఎత్తి పట్టుకున్నారు. చల్లిన నీళ్లకు ప్లైవుడ్ ఇంకా తడిగానే ఉంది, రాడ్ల మీద అడుగు వేస్తే బూటు జారుతోంది. చూసి నడవండి.

మనం పోవాల్సింది రోడ్డువైపు బాల్కనీకి. బీము దగ్గర మొదలై ఒకటిన్నర మీటర్లు బయటికి వచ్చిన పలక అది. రేపు సెంట్రింగ్ విప్పాక దాని కింద ఏమీ ఉండదు. మందం 125 మిల్లీమీటర్లు. గది స్లాబు నడుమ కిందికి వంగుతుంది కనుక అక్కడ సాగేది అడుగుభాగం, రాడ్లు అడుగున ఉండాలి. బాల్కనీ ఒక అంచున మాత్రమే పట్టు దొరికి గాలిలో నిలబడుతుంది కనుక ఇక్కడ సాగేది పైభాగం. మోసే రాడ్లు పైనే ఉండాలి. డ్రాయింగులో అలాగే ఉంది: 10 మిల్లీమీటర్ల రాడ్లు, 150కి ఒకటి, పైన 20 కవరు. అంటే స్లాబు అడుగు నుంచి రాడ్డు నడిమి దాకా సరిగ్గా 100 మిల్లీమీటర్లు. ఇంజనీర్లు దీన్నే ఎఫెక్టివ్ డెప్త్ అంటారు. ఈ 100ని గుర్తుపెట్టుకోండి.

కాంక్రీటు పడటం మొదలైంది. అందరి కళ్లూ ఎటు తిరిగాయో చూడండి. క్వాలిటీ కుర్రాడు స్లంప్ కోను ఎత్తి, కూర్చున్న కాంక్రీటు పక్కన స్కేలు పెడుతున్నాడు. ఇంకొకడు ఇనప అచ్చుల్లో క్యూబులు నింపి, కడ్డీతో దంచుతున్నాడు. ఫ్లాటు కొనుక్కున్నాయన పొద్దున్నే స్కూటరేసుకొచ్చి, డెలివరీ చలానా మీద కాంక్రీటు గ్రేడు ఎం25 అని ఉందా లేదా అని రెండుసార్లు చదువుకున్నాడు. ఇదంతా అవసరమే. ఈ గంటలో బాల్కనీ వైపు మాత్రం ఎవరూ చూడటం లేదు.

వైబ్రేటర్ పట్టిన మనిషి బాల్కనీ మీదికి వచ్చాడు. నిలబడటానికి వేరే చోటు లేదు, రాడ్ల మీదే నిలబడ్డాడు. వంగి అతని బూటు కింద చూడండి. 10 మిల్లీమీటర్ల రాడ్డు విల్లులా కిందికి దిగింది. దాన్ని పైన ఆపాల్సిన చైర్లు, అంటే వంచిన రాడ్డు ముక్కలతో చేసిన ఆ చిన్న కాళ్లు, మీటరుకొకటి ఉండాల్సింది. ఇక్కడ గోడ దగ్గర ఒకటి, అంచు దగ్గర ఒకటి ఉన్నాయి, రెండోది పక్కకు ఒరిగిపోయింది. మనిషి అడుగు తీశాక రాడ్డు కొంత పైకి లేచింది కానీ, అప్పటికే దాని చుట్టూ కాంక్రీటు నిండింది. పూర్తిగా లేవలేదు.

మీ చేతిలో టేపు ఉంది కదా. స్లాబు పైమట్టం చూపే దారం నుంచి రాడ్డు పైభాగం దాకా కొలవండి. 20 ఉండాలి. 40 వచ్చింది.

"మేస్త్రీ, ఇది కిందికి దిగింది."

"రెండు వేళ్లు కూడా లేదు సార్. ఏం గాదు. కాంక్రీటు మంచిగున్నది."

ఏం గాదా? ఈ మాటకు జవాబు చెప్పడానికే ఒక శాస్త్రం ఉంది. సెన్సిటివిటీ అనాలిసిస్ అంటారు. కట్టడాన్ని నిలబెట్టే కొలతల్లో ఏది కాస్త కదిలితే భద్రత ఎంత కదులుతుందో అది లెక్కగడుతుంది. పోత ఓ పది నిమిషాలు ఆపమని చెప్పి సైటు షెడ్డులోకి రండి. సిమెంటు బస్తాల మీద లాప్‌టాప్ తెరుద్దాం.

ముందు భారతీయ ప్రమాణం ఐఎస్ 456 పద్ధతిలో మామూలు లెక్క. స్లాబు సొంత బరువు, టైల్సు, అంచున పిట్టగోడ, మనుషుల బరువు కలిసి మీటరు వెడల్పుకు 11.8 కిలోన్యూటన్ మీటర్ల వంపు తెస్తాయి. దాన్ని 1.5తో హెచ్చిస్తే 17.7. బాల్కనీ తట్టుకోగలిగేది, డ్రాయింగు ప్రకారం ఉంటే, 20.4. పాసయింది.

ఇప్పుడు ఒక్కొక్క కొలతనూ వేలితో నెట్టి చూద్దాం. కాంక్రీటు ఎం25 కాకుండా ఎం20 వచ్చిందనుకోండి. బలం ఐదోవంతు పోయింది, ఫ్లాటు కొన్నాయన గుండె ఆగినంత పనవుతుంది. బాల్కనీ సామర్థ్యం 20.4 నుంచి 19.8కి దిగింది. నూటికి మూడు పాళ్లు తగ్గింది, ఇంకా పాసే. స్టీలు ఐదోవంతు తక్కువ బలంతో వస్తే 16.7 అవుతుంది, పద్దెనిమిది పాళ్లు పోయి ఫెయిలవుతుంది. ఇక మేస్త్రి చెప్పిన "రెండు వేళ్లు కూడా లేదు" అన్న 20 మిల్లీమీటర్లు. ఎఫెక్టివ్ డెప్త్ 100 కాస్తా 80. సామర్థ్యం 15.8. ఇరవై రెండు పాళ్లు ఎగిరిపోయాయి.

కారణం కష్టమైందేమీ కాదు. రాడ్డు లాగే బలానికీ, కింద కాంక్రీటు నొక్కుకునే చోటికీ మధ్య ఉన్న ఎడమే వంపును ఆపేది. రాడ్డు దిగితే ఆ ఎడం నేరుగా తరుగుతుంది. కాంక్రీటు మెత్తబడితే, అదే లాగుడును ఆపడానికి కాస్త ఎక్కువ మందం నొక్కుకుంటుంది అంతే, ఎడం రెండు మూడు మిల్లీమీటర్లు తగ్గుతుంది. 200 మిల్లీమీటర్లు, అంతకంటే తక్కువ ఎఫెక్టివ్ డెప్తుకు ఐఎస్ 456 ఒప్పుకునే తేడా 10 మిల్లీమీటర్లే. అదే ప్రమాణం కాంక్రీటు బలాన్ని 1.5తో, స్టీలు బలాన్ని 1.15తో భాగించమంటుంది. రాడ్డు ఎత్తుకు విడిగా అలాంటి గుణకమేదీ లేదు. ఆ బాధ్యత సైటు మీద వదిలింది. సైటేమో కాలు కింద పెట్టి తొక్కుతోంది.

బయట పంపు ఆపరేటర్ కేకేస్తున్నాడు. చైర్లు పెట్టించమని మనిషిని పంపండి, ఇంకో ఐదు నిమిషాలు అడగండి.

ఇప్పటిదాకా చేసింది ఒక్కో కొలతనూ ఒంటరిగా కదిపి చూడటం. అందులో ఒక లోపం ఉంది. కాంక్రీటునీ రాడ్డునీ రెంటినీ ఐదోవంతు నెట్టాం, నిజానికి ఏది ఎంత తరచుగా, ఎంత దూరం తప్పుతుందో చూడలేదు. కదిలితే పెద్ద దెబ్బ కొట్టే కొలత, అసలు కదలనిదైతే భయం లేదు. అందుకే సంభావ్యత లోపలికి రావాలి. 1969లో అమెరికాలో కార్నెల్ అనే ఇంజనీరు ఒక సులువైన కొలబద్ద ఇచ్చాడు. మోసే శక్తిలోంచి పడే భారం తీసేస్తే సగటున మిగిలేది ఎంత? ఆ మిగులు అటూ ఇటూ ఊగే ఊగు ఎంత? మొదటిదాన్ని రెండోదానితో భాగించు. వచ్చేది బీటా, విశ్వసనీయతా సూచిక. 1974లో హాసోఫర్, లిండ్ దాన్ని గట్టిపరిచారు. సమీకరణాన్ని ఏ రూపంలో రాసినా ఒకే జవాబు వచ్చేలా, కూలిపోవడానికి అత్యంత అవకాశమున్న బిందువును వెతికి, అక్కడి దాకా దూరాన్నే బీటా అన్నారు. ఆ బిందువు ఏ దిక్కున ఉందో చూస్తే, ఏ కొలత ముప్పు తెస్తోందో కూడా తెలిసిపోతుంది. ఆ దిక్కును చెప్పే అంకెలను ఆల్ఫాలంటారు. వాటి వర్గాలు కూడితే ఒకటి. అంటే ముప్పులో ఎవరి వాటా ఎంతో పంపకం జరిగిపోయిందన్నమాట.

మన బాల్కనీకి కార్నెల్ పద్ధతే చాలు. ఊహలు ముందే చెబుతాను: రాడ్డు ఎత్తు సగటున 90, ఊగు 12 మిల్లీమీటర్లు. స్టీలు లాగే బలం సగటున 288 కిలోన్యూటన్లు, ఊగు నూటికి ఆరు. కాంక్రీటు బలం సగటున 30 మెగాపాస్కళ్లు, ఊగు 5. నిలిచి ఉండే బరువు వల్ల 8.4 వంపు, నూటికి పది ఊగు. యాభై ఏళ్లలో ఎప్పుడో ఒకసారి ఊరేగింపు చూడటానికి ఇంటిల్లిపాదీ బాల్కనీలో చేరితే వచ్చే వంపు 2.5, ఊగు 0.8. ఇవి నేను పెట్టిన అంకెలు, మీ సైటులో కొలిచి మార్చుకోవచ్చు.

ఎంటర్ నొక్కండి. బీటా 3.3. కూలే అవకాశం రమారమి 2,300లో ఒకటి. మామూలు నివాస భవనాలకు, యాభై ఏళ్ల కాలానికి యూరప్ ప్రమాణం పెట్టుకున్న గురి 3.8. మనం కొంచెం కిందున్నాం. వాటాలు చూడండి: రాడ్డు ఎత్తు 79 శాతం. స్టీలు 11. నిలిచే బరువు 5, మనుషులు 4. కాంక్రీటు బలం ఒక శాతం కంటే తక్కువ.

తెరమీద ఆ చివరి అంకె దగ్గర కాసేపు ఆగండి. బయట కోను, క్యూబులు, చలానా అన్నీ ఈ ఒక శాతం చుట్టూ తిరుగుతున్నాయి. డబ్బు పోసి కాంక్రీటు సగటు 35కి పెంచి, ఊగు 3కి తగ్గించండి. బీటా 3.3 నుంచి 3.4. ఇప్పుడు కాంక్రీటు ముట్టుకోకుండా, ముక్కరాడ్లతో చైర్లు వంచి దగ్గరదగ్గరగా కట్టించి, నడవడానికి పలకలు వేయించి, రాడ్డు ఎత్తు సగటు 97కు, ఊగు 5కు తెచ్చారనుకోండి. బీటా 6.3. అంత పైకి వెళ్లాక కూలే అవకాశాన్ని అంకెల్లో చెప్పడం మర్యాద కాదు, ఎందుకంటే అక్కడ ఈ చిన్న తేడాల వల్ల ఏదీ కూలదు, ఘోరమైన పొరపాటు వల్ల కూలుతుంది. రెండోవైపు, ఎవరూ చూడని సైటులో సగటు 80, ఊగు 16 అయితే బీటా 2.1. యాభైకి ఒకటి. లాప్‌టాప్‌లోనే మాంటే కార్లో పద్ధతిలో, పాచికలు విసిరినట్టు, లక్ష బాల్కనీలు కట్టి చూడండి. దాదాపు రెండు వేలు కూలతాయి. నాకు ఈ లెక్కలో కోపం తెప్పించేది అదే. చైరుకు పట్టేది సైటులో చెత్తగా పడి ఉన్న రాడ్డు ముక్క, ఓ మనిషి అరపూట పని.

ఇంకొంచెం లోతుకు వెళ్లే పద్ధతులూ ఉన్నాయి. కొలతలు వందల్లో ఉన్న పెద్ద కట్టడానికి, అన్నిటినీ క్షుణ్ణంగా చూసే తీరిక లేనప్పుడు, మాక్స్ మోరిస్ 1991లో చూపిన జల్లెడ పనికొస్తుంది. కొలతలను ఒకదాని తర్వాత ఒకటి, వేర్వేరు చోట్ల నుంచి కదిపి, పట్టించుకోనక్కర్లేనివాటిని ముందే పక్కన పెట్టేస్తుంది. ఇల్యా సోబోల్ 1993 వ్యాసంలో ఇచ్చిన సూచికలు జవాబులోని ఊగును పంచి, ఏ కొలత ఒంటరిగా ఎంత, ఇంకోదానితో జతకట్టి ఎంత అని విడదీస్తాయి. మన బాల్కనీ మొదటి రోజు లెక్కలో ఈ జతల పాత్ర చిన్నది. పదేళ్ల తర్వాత చిన్నది కాదు. రాడ్డు దిగిన చోట పైన పగులు వెడల్పవుతుంది, వాననీరు దిగుతుంది, రాడ్డు తుప్పు పడుతుంది. ఎత్తు తగ్గిన పలకలోనే స్టీలూ తగ్గుతుంది. ఒక్కోదాన్నే కదిపి చూసేవాడికి ఆ కుట్ర కనపడదు.

ఈ పద్ధతులన్నిటికీ ఒక హద్దు ఉంది. అది చూడాలంటే న్యూయార్క్‌కు, 1978కి పోవాలి.

మాన్‌హాటన్‌లో లెక్సింగ్టన్ అవెన్యూ మీద సిటీకార్ప్ భవనం. 59 అంతస్తులు, 915 అడుగులు. తలెత్తి చూస్తే ఒళ్లు ఝల్లుమంటుంది: తొమ్మిదంతస్తుల ఎత్తున్న స్తంభాలు మూలల్లో లేవు, ఒక్కో ముఖం నడుమ ఉన్నాయి. ఒక మూలన చర్చి ఉండటంతో అలా కట్టాల్సి వచ్చింది. ఇంజనీరు విలియం లెమెజూరియర్. భవనం తెరిచిన మరుసటి ఏడాది ఆయన తన డిజైనును మళ్లీ లెక్క వేస్తున్నాడు. ముఖానికి ఎదురుగా వచ్చే గాలిని అప్పటికే చూసుకున్నాడు. ఇప్పుడు మూలమీదికి ఏటవాలుగా వచ్చే గాలిని పెట్టి చూశాడు. కొన్ని ఏటవాలు దూలాల్లో బలం 40 శాతం పెరిగింది. అదొక్కటే అయితే కంగారు పడేవాడు కాదేమో. కానీ అతుకులు వెల్డింగ్‌కు బదులు బోల్టులతో వేశారని ఆయనకు అప్పటికి తెలిసింది. ఆ అతుకుల్లో పెరుగుదల 160 శాతం.

40 ఎలా 160 అయింది? కాగితం మీద చిన్న అంకెలతో వేసుకోండి. గాలి 4 యూనిట్లతో పైకి లాగుతోంది, భవనం బరువు 3తో కిందికి నొక్కుతోంది. బోల్టులు మోసేది తేడా, ఒకటి. గాలి 40 శాతం పెరిగి 5.6 అయింది, బరువు మాత్రం పెరగదు. తేడా 2.6. పెరిగింది 160 శాతం. రెండు పెద్ద అంకెల తేడా మీద నిలబడే ప్రతి అతుకూ ఇలాగే భగ్గుమంటుంది.

ఆ వేసవి చివర, ఆఫీసులు ఖాళీ అయ్యాక, వెల్డర్లు లోపలి గోడలు విప్పి, రెండు వందలకు పైగా అతుకుల మీద రెండంగుళాల ఉక్కు పలకలు అతికించారు. తెల్లారేసరికి పొగ వాసన పోగొట్టి, చెత్త ఊడ్చి, గుమాస్తాలు వచ్చే వేళకు ఏమీ జరగనట్టు సర్దేవారు. ఊరికి ఆ సంగతి 1995లో గానీ తెలియలేదు. ఏటవాలు గాలి అంత ప్రమాదమేనా అన్న చర్చ ఇంజనీర్లలో తర్వాత కూడా సాగింది. ఊరికి చెప్పకపోవడం తప్పేనని నా అభిప్రాయం. ఇక్కడ మనకు కావాల్సిన సంగతి వేరు. మొదటి లెక్కలో ఆ గాలి దిక్కుకు గడి లేదు. గడి లేని కొలతకు ఆల్ఫా రాదు, సోబోల్ సూచికా రాదు. సెన్సిటివిటీ అనాలిసిస్ పట్టికలో ఉన్నవాటికే వరస కడుతుంది. మన బాల్కనీలో రాడ్లను పొరపాటున అడుగునే కట్టేస్తే ఆ 90, 12 అంకెల్లో అది ఎక్కడా లేదు. దానికి లాప్‌టాప్ చాలదు, పోతకు ముందు కళ్లతో చూడాలి.

మళ్లీ హైదరాబాద్. ఇంకో కాలనీ, పదేళ్ల కిందట ఇవే కొలతలతో కట్టిన అపార్ట్‌మెంటు. అసోసియేషన్ సెక్రటరీ గారు ఫైలు పట్టుకుని మెట్ల దగ్గరే ఎదురొచ్చారు.

"హ్యామర్ టెస్టు చేయించామండీ. కాంక్రీటు గట్టిగానే ఉందన్నారు. బాల్కనీలకు భయం లేదు కదా?"

రీబౌండ్ హ్యామర్ చెప్పేది కాంక్రీటు పైతలం గట్టిదనం. మన వాటాల్లో ఒక శాతమైనా లేనిది. ఆయనతో ఆ అంకెలు అనకుండా, "రాడ్డు ఎంత లోతులో ఉందో ఇంకా చూడలేదండీ, అది చూద్దాం" అని చెప్పండి. రెండో అంతస్తు బాల్కనీలో గోడ వారగా ఒక టైల్ లేపించి, కింద మోర్టారు గీకించి, నికరమైన కాంక్రీటు మీద కవర్ మీటరు పెట్టండి. దాని తలకాయను రాడ్లకు అడ్డంగా నెమ్మదిగా జరపండి. కూత సన్నగా మొదలై, రాడ్డు నెత్తిమీదికి రాగానే గట్టిగా మోగుతుంది. అంకె 48. పక్క రాడ్డు 47. ఇంకోటి 49. అంచున స్లాబు మందం కొలిచాం, 125 సరిగ్గా ఉంది. ఎఫెక్టివ్ డెప్త్ 72.

ఐఎస్ 456 లెక్కలో ఇది ఫెయిలు. 14 వస్తోంది, కావాల్సింది 17.7. కానీ బీటా వేసి చూడండి, ఊగు ఇప్పుడు 12 కాదు, మీటరు తప్పిదం 3 మిల్లీమీటర్లే. బీటా 4.3. రాడ్డు దిగిపోయిన బాల్కనీ, కొలవని కొత్త బాల్కనీ కంటే నయంగా తేలింది. తెలియనితనం తగ్గడమే ఇక్కడ బలం. దీన్ని పట్టుకుని సర్టిఫికెట్ రాసేయమని మాత్రం నేను చెప్పను. వాటాలు మారిపోయాయి, అవి చూడండి: ఇప్పుడు మొదటి స్థానం స్టీలుది, 31 శాతం. ఎత్తు, నిలిచే బరువు, మనుషులు తలా ఇరవై చిల్లర. అంటే తర్వాతి ప్రశ్న తానే వచ్చింది. రాడ్డు నిజంగా పదేనా? తుప్పు ఎంత తిన్నది? ఉలితో అరచేతి వెడల్పున కాంక్రీటు తొలిపించి, వెర్నియర్ పెట్టండి. 9.9. తుప్పు లేదు, నల్లగా శుభ్రంగా ఉంది. సెక్రటరీ గారు ఊపిరి వదిలారు.

నాలుగో అంతస్తు. అదే కొలతలు, అదే రంగు. టైల్ లేచింది, మీటరు తిరిగింది. చాలాసేపు కూత లేదు. తర్వాత సన్నగా, దూరంగా వినిపించింది. 65. పక్కది 66. ఇంకోటి 64.

డెప్త్ 55. బీటా 1.7. నూటికి నాలుగు. పైగా ఈ బాల్కనీ అంచున ఇటుకలతో కట్టిన పూలమొక్కల తొట్టి ఉంది, అది నా లెక్కలోనే లేదు. కింద నిలబడి చూస్తే ఈ రెండు బాల్కనీలకూ తేడా చెప్పగలిగేవాడు లేడు.

"సెక్రటరీ గారూ, తొట్టిలో మట్టి ఇప్పుడే తీయించండి. లోపలివైపు నిలబడే తీయమనండి, ఎవరూ అంచుకు పోకూడదు. జాకీలు సాయంత్రంలోపు రావాలి. దీని కింద ఒక్కచోటే పెడితే బరువంతా మూడో అంతస్తు బాల్కనీ మీద పడుతుంది, కాబట్టి మూడు, రెండు, ఒకటి, నేల దాకా ఒకే వరసలో పెట్టించండి. రేపు పొద్దున మిగతా బాల్కనీల్లో ఒక్కో టైల్ లేపి ఉంచితే, మీటరు పట్టుకుని నేనొస్తాను."